ఎంసెట్‌కి ఏ పుస్తకం కొనాలి, కొన్నాక ఎలా చదవాలి

జూన్ వచ్చిందంటే మా వీధిలో ఎవరో ఒకరు ఆపి అడుగుతారు: "సార్, మావాడు ఇంటర్‌లో చేరాడు. ఎంసెట్‌కి మంచి మెటీరియల్ ఏదో చెప్పండి." ఆ పిల్లాడు ఎక్కడ తప్పుతున్నాడో చూడకుండా పుస్తకం పేరు చెప్పడమంటే, నాడి చూడకుండా మాత్ర రాసివ్వడమే. అందుకే నేను పేరు చెప్పను. ఒక పాత పేపర్ రాయించి తీసుకురమ్మంటాను. సగం మంది మళ్లీ రారు.

నేను కూడా ఆ సగం మందిలోవాణ్నే. సీనియర్ ఇంటర్‌లో ఉండగా ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద నాలుగు గైడ్లు కొన్నాను. లెక్కలకే రెండు. పరీక్ష అయ్యాక చూస్తే నాలుగింటిలోనూ మొదటి మూడు చాప్టర్లు నలిగిపోయి ఉన్నాయి, మిగతా పేజీలు పెళపెళలాడుతున్నాయి. మాత్రికలు నాలుగు రకాలుగా వచ్చు, సమాకలనం ఒక్క రకంగానూ రాదు. పైగా వాటిలో ఒకదాని కీ తప్పుల తడక. నాకొచ్చిన సరైన జవాబును కొట్టేసి, కీ ప్రకారం దిద్దుకున్న రోజులున్నాయి.

పేరు గురించి ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి, తెలంగాణలో 2024 నుంచి ఇది ఈఏపీసెట్. ఇళ్లలో మాత్రం ఇంకా ఎంసెట్టే. నేనూ అలాగే అంటాను.

మొదటి మెట్టు: ఏ పరీక్ష ముఖ్యమో తేల్చుకోండి

"ఎంసెట్, జేఈఈ, నీట్ అన్నింటికీ పనికొచ్చే ఒకే పుస్తకం" అని అట్ట మీద వేసి అమ్ముతుంటారు. సిలబస్ చాలావరకు ఒకటే కావచ్చు, పరీక్షలు మాత్రం ఒకటి కావు. లెక్క చూడండి.

ఎంసెట్ ఇంజినీరింగ్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ప్రశ్నకు 67 సెకన్ల చిల్లర. అగ్రికల్చర్, ఫార్మసీ వాళ్లకి లెక్కల స్థానంలో బోటనీ 40, జువాలజీ 40. ప్రశ్నకు ఒక మార్కు, తప్పుకు కోత లేదు.

జేఈఈ మెయిన్‌లో మూడు గంటలకు 75 ప్రశ్నలే. అంటే ఒక్కోదానికి దాదాపు రెండున్నర నిమిషాలు. సరైనదానికి 4, తప్పుకు ఒకటి కోత. నీట్‌లో 2025 నుంచి 180 నిమిషాలకు 180 ప్రశ్నలు. అందులో బయాలజీ 90. అక్కడా తప్పుకు ఒక మార్కు కోసేస్తారు.

దీన్నిబట్టి గైడు ఎంపిక మారిపోతుంది. జేఈఈ పుస్తకంలో ఒక లెక్క నాలుగు మెట్లు ఎక్కి, ఐదో మెట్టు దగ్గర జవాబు ఇస్తుంది. అలాంటివి నెలల తరబడి చేసిన కుర్రాడు ఎంసెట్ హాల్లో ప్రతి ప్రశ్ననూ వేర్లదాకా తవ్వుతూ కూర్చుని, 110 దగ్గర టైమ్ అయిపోయి బయటికొస్తాడు. ఇంకొకడు ఎంసెట్ బిట్లు మాత్రమే చేసి జేఈఈకి వెళ్తే, సూత్రంలో అంకెలు వేస్తే చాలనుకుని మొదటి పది ప్రశ్నలకే నీరుగారిపోతాడు.

జేఈఈ రాయాలనుకునేవాళ్లు సీనియర్ ఇంటర్ జనవరి దాకా దాన్నే ముఖ్యం చేసుకోండి. ఇంటర్ పబ్లిక్ పరీక్షలు అయ్యాక ఎంసెట్ వేగానికి మారొచ్చు. అటునుంచి ఇటు రావడం సులువు, ఇటునుంచి అటు వెళ్లడం కష్టం. "ఫ్రెండ్స్ రాస్తున్నారు" అని జేఈఈ ఫీజు కట్టినవాళ్లయితే ఆ పుస్తకాల జోలికి వెళ్లొద్దు. పరీక్ష అనుభవం కోసం రాసి రండి, అంతే.

ఇంటర్ మార్కుల సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. ఆంధ్రలో ర్యాంకుకి ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులు 25 శాతం కలుపుతారు. తెలంగాణలో ఆ వెయిటేజీ 2023లో తీసేశారు. ఆంధ్ర పిల్లలకి ఒక చిన్న లెక్క: ఇంటర్‌లో 10 శాతం మార్కులు పెరిగితే మొత్తం వందలో కలిసేది 2.5. ఎంసెట్‌లో 10 శాతం, అంటే 16 మార్కులు పెరిగితే కలిసేది 7.5. ఇంటర్‌ని వదిలేయమని కాదు. ఐపీఈలో, అంటే ఇంటర్ పబ్లిక్ పరీక్షల్లో, ఇప్పటికే 95 శాతం వచ్చే పిల్లని ఆ చివరి రెండు మార్కుల కోసం నెలంతా రుద్దించడం దండగ.

రెండో మెట్టు: పుస్తకం కొనకముందే ఒక పేపర్ రాయండి

చాలామంది ఎగరగొట్టే మెట్టు ఇదే. "ఇంకా సిలబస్ కాలేదు కదా, ఇప్పుడే ఎందుకు?" అంటారు. మార్కుల కోసం కాదు, మ్యాపు కోసం.

ఎంసెట్ వెబ్‌సైట్‌లో గత సంవత్సరాల పేపర్లు, కీలు ఉంటాయి. ఉచితం. జేఈఈ మెయిన్‌వి, నీట్‌వి కూడా అంతే. ఒక సెషన్ పేపర్ దించుకుని, కాలిక్యులేటర్ లేకుండా, మధ్యలో లేవకుండా మూడు గంటలు రాయండి. ఇంట్లో టీవీ నడుస్తుంటే పక్కింటి డాబా మీద రాయండి.

దిద్దేటప్పుడు మార్కులు లెక్కపెట్టి ఊరుకోవద్దు. పోయిన ప్రతి ప్రశ్న పక్కనా పెన్సిల్‌తో ఒక అక్షరం వేయండి. అసలు తెలియక పోయినదానికి "తె". తెలిసీ లెక్క తప్పడం వల్లో, ప్రశ్న సరిగ్గా చదవకో పోయినదానికి "పొ". టైమ్ చాలక వదిలేసినదానికి "టై".

ఒక పేపర్ ఇలా వచ్చిందనుకుందాం. 160లో 71 మార్కులు. పోయిన 89లో తెలియనివి 38, పొరపాట్లు 19, టైమ్ చాలనివి 32. ఇంట్లోవాళ్లు 71 చూసి "కొత్త మెటీరియల్ కొనాలి" అంటారు. కానీ ఆ 32 కోసం ఏ పుస్తకమూ కొనక్కర్లేదు, గడియారం పెట్టుకుని చేసే అలవాటు కావాలి. 19కి ఒక ఐదు రూపాయల రఫ్ నోట్సు, కాస్త పద్ధతి చాలు. మిగిలిన 38 ఏ చాప్టర్లవో చూడండి. నేను చూసిన పేపర్లలో వీటిలో పెద్ద వాటా జూనియర్ ఇంటర్‌దే ఉంటుంది. సిలబస్‌లో సగం మొదటి ఏడాదిదే అయినా, రెండో ఏడాది గోలలో దాన్ని ఎవరూ ముట్టుకోరు. అప్పుడు కొనాల్సింది కొత్త లావుపాటి గైడు కాదు. అటక మీదున్న జూనియర్ ఇంటర్ పుస్తకాలు దించి దుమ్ము దులపాలి.

ఇంకో సరదా సంగతి. ఎంసెట్‌లో జనరల్ వాళ్లు క్వాలిఫై కావాలంటే 25 శాతం, అంటే 40 మార్కులు రావాలి. నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు 160 గుడ్డిగా పెట్టేసినా సగటున వచ్చేది కూడా 40. కాబట్టి "క్వాలిఫై అయ్యాడు" అని స్వీట్లు పంచకండి. ర్యాంకే అసలు సంగతి.

మూడో మెట్టు: బోర్డు పుస్తకం. ఇది గైడు కన్నా ముందు

ఎంసెట్ సిలబస్ అంటే ఇంటర్ బోర్డు సిలబస్సే. తెలుగు అకాడమీ పుస్తకాలు ముద్దగా ఉంటాయి, రంగులుండవు, అక్షరాలు కొన్నిచోట్ల కళ్లకి కష్టమే. ఒప్పుకుంటాను. కానీ ప్రశ్న తయారుచేసేవాళ్ల ముందు ఉండే పుస్తకం అదే. కెమిస్ట్రీలో, బోటనీలో, జువాలజీలో దానికి మించింది లేదు. పట్టికలో ఒక మూల ఉన్న అంకె, బొమ్మ కింద ఉన్న వాక్యం, చాప్టర్ చివర ఉన్న ఒక్కమాట ప్రశ్నలు నేరుగా బిట్లుగా వస్తాయి. గైడు రాసినవాళ్లు కుదించేటప్పుడు మొదట ఎగిరిపోయేవి సరిగ్గా అవే.

నీట్ రాసేవాళ్లకి ఈ స్థానంలో ఎన్‌సీఈఆర్‌టీ, అంటే సీబీఎస్‌ఈ పిల్లలు చదివే పుస్తకాలు. బయాలజీ అయితే వాక్యం వాక్యం చదవాల్సిందే, బొమ్మల మీద పేర్లతో సహా.

ఆంధ్ర పిల్లలకి ఒక హెచ్చరిక. 2025-26 నుంచి అక్కడ ఇంటర్ మొదటి సంవత్సరం పాఠాలు ఎన్‌సీఈఆర్‌టీ బాటలోకి మారాయి. లెక్కల్లో ఎ, బి అని రెండు పేపర్లు పోయి ఒకటే పేపరైంది. కాబట్టి అక్క చదివిన 1ఎ, 1బి మెటీరియల్ చెల్లికి అచ్చంగా సరిపోదు. పాత పుస్తకం వాడొచ్చు గానీ, ముందు కొత్త పుస్తకం విషయసూచిక పక్కన పెట్టుకుని, లేని చాప్టర్లు పెన్సిల్‌తో కొట్టేసి, కొత్తగా వచ్చినవి అట్ట లోపల రాసుకుని వాడాలి. జేఈఈ మెయిన్‌లోనూ 2024లో సిలబస్ తగ్గించారు. కెమిస్ట్రీలో పాలిమర్లు, సర్ఫేస్ కెమిస్ట్రీ, లెక్కల్లో గణితానుగమనం లాంటివి అప్పుడు పోయాయి. అంతకుముందు అచ్చయిన పుస్తకం సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితే తీసుకోండి, కానీ ఆ చాప్టర్ల మీద రాత్రులు తగలేయకండి. దరఖాస్తు చేసే ఏడాది సిలబస్‌ను ఆ పరీక్ష వెబ్‌సైట్‌లోనే చూసి ప్రింటు తీసి గోడకి అంటించండి. ఇలాంటివి వాట్సాప్‌లో వచ్చిన ఫార్వర్డ్ చూసి నమ్మేవి కావు.

నాలుగో మెట్టు: షాపులో పుస్తకాన్ని పరీక్షించడం

ఇప్పుడు గైడుకి వద్దాం. కోఠీకైనా, విజయవాడ లెనిన్ సెంటర్‌కైనా వెళ్లేటప్పుడు తెల్లకాగితం, పెన్ను జేబులో పెట్టుకోండి. అట్ట మీద టాపర్ల ఫొటోలు, "10,000 బిట్స్" అన్న అంకెలు చూడొద్దు. పదివేల బిట్లలో మీరు చేసేవి రెండువేలే.

మీకు బాగా వచ్చిన చాప్టర్ తెరవండి. రాని చాప్టర్ తెరిస్తే ప్రతిదీ గొప్పగానే కనిపిస్తుంది. వచ్చిన చాప్టర్‌లోనే పుస్తకం గుట్టు బయటపడుతుంది. ఫిజిక్స్ అయితే నేను ప్రక్షేపకాలు తెరుస్తాను.

అక్కడ తప్పకుండా ఒక షార్ట్‌కట్ ఉంటుంది: 45 డిగ్రీల కోణంలో విసిరితే రేంజ్ గరిష్ఠ ఎత్తుకి నాలుగు రెట్లు అని. నిజమే. కానీ ఎప్పుడు? విసిరిన మట్టానికే తిరిగి పడినప్పుడు. మేడ మీద నుంచి విసిరితే ఇది పనిచేయదు. గాలి నిరోధం లెక్కలోకి వచ్చినా పనిచేయదు. మంచి పుస్తకం ఆ షరతును అదే లైన్లో రాస్తుంది. చెడ్డ పుస్తకం డబ్బా కట్టి సూత్రం మాత్రం వేస్తుంది. పేపర్ తయారుచేసేవాళ్లకి ఆ డబ్బాలన్నీ తెలుసు, మేడ మీద నుంచే విసురుతారు. షరతులు లేకుండా షార్ట్‌కట్లు పరిచిన పుస్తకాన్ని అక్కడే పెట్టేయండి.

తర్వాత అదే చాప్టర్‌లో ఐదు ప్రశ్నలు అక్కడే నిలబడి చేయండి. కీతో సరిచూడండి. ఐదులో ఒక్కటి కీ తప్పయినా నేను ఆ పుస్తకం కొనను. మొత్తం పుస్తకంలో అదే లెక్కన తప్పులుంటే మీరు ఎన్ని రాత్రులు మీ తెలివిని మీరే అనుమానించుకోవాలో ఊహించండి. షాపతను విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. వందలు పెట్టేది మీరు.

సొల్యూషన్లు చూడండి. "సూత్రంలో ప్రతిక్షేపించగా జవాబు 3" అని ఒక్క లైనుతో ముగిస్తే అది సొల్యూషన్ కాదు, కీకి చొక్కా తొడిగినట్టు. అసలు ఆ సూత్రమే ఎందుకు ఎంచుకోవాలో ఒక మాట ఉండాలి. మరీ రెండు పేజీల సొల్యూషన్లు కూడా ఎంసెట్‌కి వద్దు.

ప్రశ్న చివర అది ఏ సంవత్సరం పేపర్‌లో వచ్చిందో అచ్చు వేసి ఉందా? ఉంటే మంచిది. వేసినదాంట్లో ఒకటి రెండు మీ ఫోన్లో ఉన్న పాత పేపర్‌తో సరిచూస్తే ఆ సంవత్సరం నిజమో కాదో తెలిసిపోతుంది.

చివరగా, ప్రశ్నల వరుస. ఒకే నమూనాలో ఇరవై ప్రశ్నలు వరుసగా ఇస్తే చేయి అలవాటుపడి, మెదడు నిద్రపోతుంది. మొదట నమూనాలవారీగా ఇచ్చి, చాప్టర్ చివర అన్నీ కలగలిపి ఇచ్చిన పుస్తకం మేలు. పరీక్షలో ప్రశ్న "నేను ఫలానా నమూనా" అని చెప్పుకుని రాదు కదా.

సబ్జెక్టుకి ఒక్క గైడే. రెండోది కొనాలనిపిస్తే మొదటిదాంట్లో సగం చాప్టర్లకి టిక్కులు పడ్డాయా చూసుకోండి. ఫిజిక్స్‌కి అందరూ చెప్పే పెద్ద రిఫరెన్స్ పుస్తకాలు జేఈఈ వాళ్లకి పనికొస్తాయి. ఎంసెట్ ఒక్కటే రాసేవాళ్లకి అవి అలమరలో అందం.

జిరాక్స్ సెంటర్లలో స్పైరల్ బైండింగ్ వేసి అమ్మే కార్పొరేట్ కాలేజీల మెటీరియల్ గురించి అడుగుతుంటారు. అది క్లాసులో లెక్చరర్ చెప్పేదానికి తోడుగా తయారైనది. ఆ క్లాసు లేకుండా అది సగం వంట. కీ పేజీలు సాధారణంగా మాయమై ఉంటాయి. పాత పేపర్లు ఉచితంగా ఉండగా దానికి డబ్బెందుకు? ఏడాదికి ఐదు సెషన్లు అనుకున్నా 800 ప్రశ్నలు, కీతో సహా. వీడియో పాఠం కావాలంటే కేంద్ర విద్యాశాఖ ఐఐటీ కాన్పూర్‌తో కలిసి 2023లో మొదలుపెట్టిన సాథీ అనే వెబ్‌సైట్ ఉంది, అదీ ఉచితమే. ఏ వీడియో అయినా అర్థంకాని ఒక్క పాయింటు కోసం చూసి ఆపేయాలి. యూట్యూబ్‌లో "వన్ షాట్" పెట్టుకుని పడుకుని చూస్తే చదివినట్టు అనిపిస్తుంది, అంతే.

తెలుగు మీడియం పిల్లలకి విడిగా

ఎంసెట్ ప్రశ్నలు తెరమీద ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ కనిపిస్తాయి. జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులో రాయొచ్చు, నీట్‌కీ తెలుగు ఉంది. కానీ మార్కెట్లో మంచి గైడ్లలో ఎక్కువ భాగం ఇంగ్లిష్‌వే. ఇక్కడ పిల్లలు రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. ఇంగ్లిష్ గైడ్లు చూసి భయపడి నాసిరకం తెలుగు గైడు కొనేస్తారు. లేదంటే ఒక్కసారిగా అన్నీ ఇంగ్లిష్‌లోకి మార్చేసుకుని రెండు నెలలు అయోమయంలో పడతారు.

నా సలహా: పాఠం తెలుగు అకాడమీ పుస్తకంలో, లెక్కలు ఇంగ్లిష్ గైడులో. మధ్యలో వంతెనగా ఒక చిన్న నోటుబుక్కు. ఎడమవైపు తెలుగు, కుడివైపు ఇంగ్లిష్ మాట తెలుగు అక్షరాల్లోనే. జడత్వ భ్రామకం, మూమెంట్ ఆఫ్ ఇనర్షియా. అవకలనం, డిఫరెన్షియేషన్. వక్రీభవనం, రిఫ్రాక్షన్. స్థితిస్థాపకత, ఎలాస్టిసిటీ. సదిశ, వెక్టర్. చాప్టర్‌కి పదిహేను, ఇరవై మాటలు మించవు. మూడు చాప్టర్లు అయ్యేసరికి ప్రశ్న ఇంగ్లిష్ దానంతటదే విడిపోతుంది, ఎందుకంటే లెక్కల ఇంగ్లిష్‌లో వాక్యాలు పదీ పదిహేను రకాలే. పరీక్షలో ఒక భాషలో ప్రశ్న అర్థంకాకపోతే రెండో భాషలో చూడండి. ఇది ఇంగ్లిష్ మీడియం వాళ్లకి లేని సౌకర్యం.

ఐదో మెట్టు: ఒక చాప్టర్‌ని ఎలా ముగించాలి

మొదటి రోజు బోర్డు పుస్తకం చదివి, పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్న సూత్రాలు రాయండి. రానివి ఎర్ర పెన్నుతో నింపండి. ఆ కాగితమే మీ ఫార్ములా షీటు. కొన్న ఫార్ములా పుస్తకాలు ఈ పని చేయవు, ఎందుకంటే మీరు ఏది మర్చిపోతారో వాటికి తెలీదు.

తర్వాతి రెండు మూడు రోజులు గైడు లెక్కలు. గైడులో జవాబులకి పెన్నుతో గుర్తు పెట్టొద్దు, రెండోసారి చేసేటప్పుడు కళ్లు ముందే అక్కడికి పోతాయి. రఫ్ నోట్సులో చేయండి. ప్రశ్న నంబరు పక్కన మాత్రం పెన్సిల్ టిక్కు, లేదా సున్నా. రెండు నిమిషాలు తన్నుకున్నా దారి దొరక్కపోతే సొల్యూషన్ మొదటి లైను మాత్రం చూసి మళ్లీ ప్రయత్నించండి. మొత్తం చదివేసి "ఓహ్, ఇంతేనా" అనుకున్న లెక్క మళ్లీ వస్తే మళ్లీ రాదు. నా మాట నమ్మకపోతే వారం తర్వాత చేసి చూడండి.

చివరి రోజు ఆ చాప్టర్ పాత పేపర్ల ప్రశ్నలు, గడియారంతో. ఇరవై ప్రశ్నలు, ఇరవై నిమిషాలు.

రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్నవాళ్లకి ఈ స్వేచ్ఛ ఉండదు. స్టడీ అవర్స్‌లో ఏం చదవాలో వాళ్లే చెబుతారు, వీకెండ్ ఎగ్జామ్ తరుముతుంటుంది. అయినా రోజుకి ఒక ముప్పావు గంట మీ చేతిలో ఉంటుంది. దాన్ని జూనియర్ ఇంటర్ చాప్టర్లకి ఇచ్చేయండి.

ఆరో మెట్టు: తప్పుల నోటుబుక్కు

ఈ వ్యాసంలో ఒక్కటే పాటిస్తానంటే, ఇది పాటించండి. కొనక్కర్లేని గైడు ఇదే, మీ కోసమే తయారయ్యేదీ ఇదే.

తప్పు పోయిన ప్రతి ప్రశ్ననూ అందులో ఎక్కించాలి. ప్రశ్న మొత్తం రాయక్కర్లేదు. ఏ పుస్తకం, ఏ నంబరు, ఎందుకు పోయింది, ఈ మూడూ ఒక్క లైన్లో. "ఎందుకు" అన్నచోట "సిల్లీ మిస్టేక్" అని రాయడం నిషేధం. ఆ మాట వెనక అన్నీ దాక్కుంటాయి. "మైనస్ బ్రాకెట్ లోపలికి తీసుకెళ్లలేదు", "సెంటీమీటర్లని మీటర్లలోకి మార్చలేదు", "ప్రశ్నలో 'కానిది ఏది' అన్నాడు, నేను అయినది పెట్టాను". ఇలా రాయాలి. నెల తిరిగేసరికి ఒక విషయం బయటపడుతుంది: మీరు వంద రకాల తప్పులు చేయడం లేదు, నాలుగైదు రకాలే మళ్లీ మళ్లీ చేస్తున్నారు. "కానిది ఏది" అన్న చోట పోతున్నట్టు తెలిసిన పిల్ల, తర్వాతి పరీక్షలో ఆ మాట కనపడగానే దాని కింద వేలు పెట్టి ఆగుతుంది.

ఎక్కించిన లెక్కని మూడు రోజులకి ఒకసారి, పది రోజులకి ఒకసారి, నెలకి ఒకసారి మళ్లీ చేయండి. మూడుసార్లూ వస్తే కొట్టేయండి. కొట్టేయడంలో ఉన్న తృప్తి ఏ ర్యాంకు కార్డులోనూ లేదు.

ఏడో మెట్టు: పబ్లిక్ పరీక్షల తర్వాత రోజులు

మార్చికి ఐపీఈ అయిపోతుంది, ఎంసెట్ సాధారణంగా మేలో. ఈ మధ్య వారాల్లో కొత్త పుస్తకం కొనకండి. క్రాష్ కోర్సులవాళ్లు ఇచ్చే కొత్త మెటీరియల్ కూడా వద్దు. కోర్సుకి వెళ్లినా టెస్టులు మాత్రం రాయండి.

రెండు రోజులకో గ్రాండ్ టెస్ట్, అంటే పూర్తి పేపర్, మధ్యరోజు దాని విశ్లేషణ. రోజూ టెస్టు రాసి విశ్లేషణ మానేస్తే రోజూ అవే తప్పులు ప్రాక్టీసు చేసినట్టు. చివరి రెండేళ్ల పేపర్లు అప్పటిదాకా ముట్టుకోకుండా దాచుకోండి. ఆఖరి పది రోజుల్లో అవే మీ అసలు కొలత. కంప్యూటర్ మీద పరీక్ష కాబట్టి వెబ్‌సైట్‌లో ఉన్న మాక్ టెస్టును కనీసం రెండుసార్లు రాయండి. తెరమీద చూస్తూ కాగితం మీద లెక్క చేయడం వేరే అలవాటు, కళ్లు ప్రశ్నకీ రఫ్‌కీ మధ్య తిరగాలి. ఫోన్లో కాదు, ఊళ్లో నెట్ సెంటర్ అయినా సరే, మౌస్‌తో.

టైమ్ పంపకం ఎవరిది వాళ్లకి. నేను చెప్పేది కెమిస్ట్రీ ముందు, ముప్పై నుంచి ముప్పై ఐదు నిమిషాల్లో. తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు, అక్కడ ఆలోచించేది తక్కువ. తర్వాత ఫిజిక్స్ నలభై ఐదు. మిగిలిన గంటా నలభై నిమిషాలు లెక్కలకి. లెక్కలు ముందు మొదలుపెట్టి 37వ ప్రశ్న దగ్గర పంతానికి పోయి, కెమిస్ట్రీలో చేతిలో ఉన్న పది మార్కులు వదిలేసి వచ్చినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

లెక్కల్లో ఆప్షన్ల నుంచి వెనక్కి రావడం నేర్చుకోండి. ఎన్ పదాల శ్రేణి మొత్తం అడిగితే ఎన్ స్థానంలో 1 పెట్టండి, రెండు ఆప్షన్లు ఎగిరిపోతాయి. 2 పెట్టండి, ఇంకోటి పోతుంది. ఒకటికి రెండు, రెండుకి మూడు హెచ్చవేసి కలుపుకుంటూ పోయే శ్రేణి తీసుకోండి. ఎన్ 1 అయితే మొత్తం 2, ఎన్ 2 అయితే 8. ఈ రెండూ ఇచ్చే ఆప్షన్ ఒక్కటే మిగిలితే, రుజువు చేయకుండానే ఇరవై సెకన్లలో జవాబు. ఇది చదువు కాదని కొందరు మాస్టార్లు కోప్పడతారు. వాళ్లకి 67 సెకన్లు కాదు కదా.

జేఈఈ, నీట్‌లో ఊహించడం గురించి అపోహ ఒకటి ఉంది, "తెలియకపోతే అస్సలు పెట్టొద్దు" అని. లెక్క వేయండి. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే సగటున పావు మార్కు లాభం, అంటే దాదాపు సున్నా. రెండు ఆప్షన్లు కచ్చితంగా కావని తెలిస్తే సగటు ఒకటిన్నర మార్కులు. అక్కడ వదిలేయడం నష్టం. జేఈఈలో అంకె టైప్ చేసే ప్రశ్నలు వేరు. వాటికి ఆప్షన్లే లేవు కాబట్టి ఊహిస్తే మార్కు పోవడమే.

పరీక్ష రోజు

సెంటర్‌ని ముందురోజే చూసి రండి. ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి పంపరు. ప్రతి ఏడాదీ గేటు దగ్గర ఏడ్చే పిల్లల ఫొటో పేపర్లో వస్తుంది. బస్సులో చదవడానికి గైడు మోసుకెళ్లకండి, తప్పుల నోటుబుక్కులో కొట్టేయకుండా మిగిలిన పేజీలు చాలు.

లోపల మొదటి ఐదు ప్రశ్నలూ కష్టంగా వస్తే టెన్షన్ పడొద్దు. వేర్వేరు సెషన్ల పేపర్ల తేడాను నార్మలైజేషన్‌లో సరిచేస్తారు. మీకు కష్టమైన పేపర్ మీ సెషన్‌లో అందరికీ కష్టమే. నిమిషంన్నర దాటిన ఏ ప్రశ్ననైనా గుర్తు పెట్టి ముందుకు వెళ్లిపోండి.

ఎంసెట్‌లో ఆఖరి ఐదు నిమిషాలు కొత్త లెక్క మొదలుపెట్టొద్దు. చేతిలో పెన్ను కింద పెట్టి, తెర పక్కన ఉన్న నంబర్ల గడులు చూడండి. ఖాళీగా ఉన్న ప్రతిదాన్నీ తెరిచి, కొట్టేయగల ఆప్షన్ ఏదైనా ఉంటే కొట్టేసి, మిగిలినదాంట్లో ఒకటి పెట్టి సేవ్ నొక్కండి. ఇరవై ఖాళీలుంటే సగటున ఐదు మార్కులు వచ్చి పడతాయి. 160 గడుల్లో ఒక్కటీ ఖాళీగా లేదని చూసుకున్నాకే లేవండి.